సంతకాల డైరెక్టరమ్మ

కంపెనీ బోర్డుల్లో ఆడవాళ్ళు లేరని ఎవరన్నా అంటే నాకు నవ్వొస్తుంది. మా గుంటూరు వైపు జిన్నింగు మిల్లుల, కోల్డ్ స్టోరేజీల కాగితాలు తీసి చూడండి, చాలావాటిలో ఓ డైరెక్టరమ్మ కనిపిస్తుంది. చిలకలూరిపేట దగ్గర ఓ పత్తి మిల్లుకి మా పెద్దమ్మ కూడా డైరెక్టరే. ఆ సంగతి ఆవిడకి బ్యాంకు నోటీసు వచ్చాకే తెలిసింది!

ఇదంతా చట్టం దగ్గర మొదలైంది. 1956 కంపెనీల చట్టం ప్రకారం ప్రైవేట్ లిమిటెడ్ పెట్టాలంటే కనీసం ఇద్దరు డైరెక్టర్లు కావాలి. 2013 చట్టంలోనూ అంతే. బయటివాణ్ణి చేర్చుకుంటే లెక్కలడుగుతాడు, తమ్ముణ్ణి చేర్చుకుంటే వాటా అడుగుతాడు. ఇంట్లో ఆవిడైతే ఏదీ అడగదు. చూపించిన చోట సంతకం పెట్టి, వచ్చినవాళ్ళకి కాఫీలిస్తుంది.

డైరెక్టరైనంత మాత్రాన కంపెనీ అప్పు మీద పడదు. కానీ బ్యాంకులు అప్పిచ్చేటప్పుడు డైరెక్టర్ల దగ్గర సొంత హామీ కూడా రాయించుకుంటాయి. పెద్దమ్మ పెట్టిన సంతకాల్లో అదీ ఉంది. మిల్లు మునిగింది. పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ కింద ఇచ్చిన మూడెకరాలూ పోయాయి.

ఆవిడకున్న ఆస్తి అదొక్కటే. ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇస్తూ ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో చట్టం తెచ్చింది, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేట్టు. అప్పటికే పెళ్ళైన వాళ్ళకి మాత్రం లేదు. పెద్దమ్మ పెళ్ళి 1982లో అయింది. 2005లో కేంద్రం ఆ మెలిక తీసేసే సరికి మామయ్యలు పొలాలు ఎప్పుడో పంచేసుకున్నారు.

ఇప్పుడు పెద్ద కంపెనీల సంగతి చూద్దాం. నార్వే 2003లోనే బోర్డుల్లో 40 శాతం ఆడవాళ్ళుండాలని చట్టం చేసింది. మనం 2013లో లిస్టెడ్ కంపెనీలకి కనీసం ఒక్కరు అన్నాం. సెబీ 2014 అక్టోబరు గడువు పెట్టి, మళ్ళీ 2015 ఏప్రిల్ దాకా పొడిగించింది. చాలామంది యజమానులు ఏం చేశారో ఊహించగలరు. భార్యనో చెల్లెల్నో కూర్చోబెట్టారు. అంటే మా పేట ఫార్ములా దలాల్ స్ట్రీట్‌కి ఎక్కిందన్నమాట! చివరికి 2019 నుంచి మొదటి 500, 2020 నుంచి మొదటి 1000 కంపెనీల్లో స్వతంత్ర మహిళా డైరెక్టర్ ఉండాలని సెబీ చెప్పాల్సొచ్చింది.

"కోటా ఇస్తే ఇంతే, సర్పంచి భర్తల్లాగే" అంటారు కొందరు. నేనొప్పుకోను. పేరు ఆవిడది, పెత్తనం ఆయనది కావడానికి కారణం కోటా కాదు. పెద్దమ్మని ఏ కోటా డైరెక్టర్ని చేసింది? వాటా తనది కాకపోవడం, లెక్కలు తన ముందు పెట్టకపోవడం, ఇవీ కారణాలు.

ఇంకో రకం కూడా మన దగ్గరే ఉంది. 2014లో చిత్తూరు జిల్లాలో మొదలైన శ్రీజ మహిళా పాల ఉత్పత్తిదారుల కంపెనీలో వాటాదార్లంతా పాలు పోసే ఆడవాళ్ళే. ఉత్పత్తిదారుల కంపెనీల్లో ఎన్ని షేర్లున్నా మనిషికి ఒకటే ఓటు. అక్కడ బోర్డు మీద కూర్చున్నావిడకి లీటరు ధర సంగతి ఇంకొకరు చెప్పక్కర్లేదు.

మా వైపు పత్తి తీసేదీ, కల్లాల్లో మిరపకాయలు ఏరేదీ ఎక్కువగా ఆడవాళ్ళే. ఆ పంట కొనే కంపెనీల బోర్డుల్లో వీళ్ళెప్పుడుంటారో మరి.

మొన్న మా చెల్లి పెళ్ళి మాటల్లో అబ్బాయివాళ్ళు "అమ్మాయిని కంపెనీలో డైరెక్టర్ని చేస్తాం" అన్నారు. అందరూ మురిసిపోయారు. పెద్దమ్మ ఒక్కతే అడిగింది, "వాటా ఎంత రాస్తారు బాబూ?" అని.