బొమ్మ ఏనుగు, బొమ్మ ట్యాంకు

సంక్రాంతి దినములలో సరోజినీ నగరులోని తెలుగువారి యిండ్లలో బొమ్మల కొలువు తీర్చునప్పుడు కొండపల్లి అంబారీ ఏనుగునకు ఒక మెట్టు తప్పక దొరకును. దాని ప్రక్కన, ఇంటి పిల్లవాడు అతికించి రంగు వేసిన ప్లాస్టిక్ ట్యాంకు ఒకటి చోటు సంపాదించుకొనుటయు కద్దు. కొలువునకు తగదని పెద్దలు దానిని తొలగింపబోవుదురు గాని, విచారించి చూచినచో ఆ రెండును ఒకే వంశమునకు చెందినవి. చతురంగ బలములలో రథమును, గజమును నాటి యుద్ధ వాహనములు, ట్యాంకు నేటిది. వాహనమును చిన్నదిగా చేసి కన్నులకెదుట పెట్టుకొను ముచ్చట మనుష్యునకు మిక్కిలి ప్రాచీనమైనది.

మహారాష్ట్రములోని దైమాబాదులో 1974లో నాలుగు కంచు బొమ్మలు బయల్పడెను. ఇవి సుమారు నాలుగువేల ఏండ్ల నాటివని పలువురు పండితుల మతము, కాదనువారును కలరు. వానిలో ఒకటి రెండెడ్లు పూన్చిన రథము, పొడవు సుమారు 45 సెంటీమీటర్లు. తోలువాడు నిలువబడి యుండును. బండి నొగపై ఒక కుక్క కూడ నిలిచియున్నది. కుక్క లేకున్నను రథము రథమే. అయినను ఆ శిల్పి దానిని విడువలేదు. ఎన్నడో అట్టి బండి నొకదానిని అతడు కన్నులార చూచెనని మనకు నమ్మకము కలిగించునది ఆ కుక్కయే.

చిన్న అంగములే పెద్ద తగవులను కూడ తెచ్చును. ఢిల్లీకి దవ్వుగాని బాగ్‌పత్ జిల్లా సినౌలీలో 2018లో పురావస్తు శాఖవారు త్రవ్వగా సమాధులలో నిజమైన బండ్ల శిథిలములు దొరకెను. చక్రములపై త్రికోణాకారపు రాగి ముక్కలు పొదిగియుండెను. ఇవి యుద్ధ రథములని కొందరు, ఎడ్లబండ్లని మరికొందరు వాదింతురు. చక్రములకు ఆకులు లేవు, అవి నిండు చక్రములు. గుఱ్ఱపు టెముకలును కానరాలేదు. వాదమంతయు వీని చుట్టును తిరుగుచున్నది.

ఇక కొండపల్లి. ఆ కోట 14వ శతాబ్దిలో రెడ్డిరాజుల యేలుబడిలో నుండెను. పిదప గజపతులు, కృష్ణదేవరాయలు, గోల్కొండ సుల్తానులు, మొగలులు దానికై పోరిరి. 1766లో ఆంగ్లేయ సేనాని కాల్యాడ్ దానిని పట్టుకొనెను. కోటలోని ఏనుగులు ఎన్నడో పోయినవి. కోట క్రింది ఊరిలో మాత్రము బొమ్మ ఏనుగు నిలిచినది. దానిని చేయు ఆర్యక్షత్రియులు తమ పూర్వులు రాజస్థానమునుండి వచ్చిరని చెప్పుకొందురు.

అచ్చటి పనితనములో గమనింపదగిన దేమనగా, బొమ్మను ఒకే మ్రానులో తొలువరు. తెల్లపొణికి కఱ్ఱను ఎండబెట్టి, సన్నని సెగపై కాచి, అందలి చెమ్మను పోగొట్టుదురు. ఏనుగు మొండెము వేరు, తొండము వేరు, చెవులు వేరు, అంబారీ వేరు, మావటివాడు వేరు. ఒక్కొక్క దానిని విడిగా చెక్కి, చింతగింజల పిండితో రంపపు పొట్టు కలిపి చేసిన మక్కుతో అతికింతురు. అతుకుల సందులను అదే మక్కుతో పూడ్చి నునుపు చేసి, సున్నము పూసి, ఆరిన పిదప మేకవెండ్రుకల కుంచెతో రంగులు దిద్దుదురు. అతుకు కనబడనిచో పని కుదిరినట్లే. బొమ్మకు ప్రాణమువంటి ఆ తేలిక కఱ్ఱ అడవులలో తఱిగిపోవుట కొండపల్లివారి నిజమైన చింత. ఇంత చేసినను ఆ బొమ్మ కొలతలకు కట్టుపడదు. మావటివాని తల ఏనుగు తలతో సరితూగదు. అంబారీలోని రాజు ఊరేగింపు రాజేగాని రణరంగమునకు పోవువాడు కాడు. ఊరి కన్నులు ఏనుగును ఎట్లు చూడగోరెనో ఆ బొమ్మ అట్లే నిలిచినది.

ట్యాంకు కథ వేరు. హైదరాబాదు వారికి ఆ మాట వినగనే ట్యాంక్‌బండ్ ప్రక్కనున్న నీరే జ్ఞప్తికి వచ్చును. అది తప్పును కాదు. ప్రథమ ప్రపంచ యుద్ధమున ఆంగ్లేయులు ఈ ఉక్కు వాహనమును రహస్యముగా నిర్మించుచు, అడిగినవారికి నీళ్ల తొట్టెయని చెప్పిరి. 1916 సెప్టెంబరు 15న అది రణమునకు దిగునప్పటికి ఆ దొంగపేరే స్థిరపడెను.

జపానులోని తమియా సంస్థ 1961లో జర్మను పాంథర్ ట్యాంకు బొమ్మను వెలువరించెను. దానిని నడుపు బ్యాటరీలు లోపల పట్టవలెనని బొమ్మకు ఒక పరిమాణము నిర్ణయించిరి. తరువాత లెక్క చూడగా అసలులో 35వ వంతయ్యెను. ఆ యాదృచ్ఛికపు నిష్పత్తియే నేడు సైనిక వాహనముల నమూనాలకు లోకమంతట చెల్లుబడియగుచున్నది. నిష్పత్తి వచ్చినతోడనే లెక్క కూడ వచ్చినది. అసలు ట్యాంకు మీద ఒక సెంటీమీటరు మందమున్న రేకు ఈ బొమ్మలో మిల్లీమీటరులో మూడవ వంతు కూడ ఉండరాదు. అచ్చులో పోసిన ప్లాస్టిక్ అంత పలుచగా రాదు. చేతిపిడులు ఒంటికి అంటుకొని ముద్దగా పడును. కనుక పట్టుదల గలవాడు వానిని కత్తితో గీకివేసి, సన్నని రాగితీగె వంచి అమర్చును. లాగుడు త్రాడునకు తీగెలను పురిపెట్టును. తోలుపట్టీలకు సీసపు రేకు కోయును. పెట్టెలో మిగిలిన ప్లాస్టిక్ పుల్లను కొవ్వొత్తి సెగకు చూపి సాగదీసినచో వైర్‌లెస్ కడ్డీ తయారగును. 1970 దశకమున అమెరికాలో షెపర్డ్ పెయిన్ ఈ విద్యను పలువురకు నేర్పెను. వెనుక సన్నని ఇత్తడి భాగములు అంగడికి వచ్చినను, రాగితీగె పనితనము మూలబడలేదు.

ఇంతటి చాదస్తము దేనికని అడుగువారికి 1971 యుద్ధము ఒక సమాధానము చెప్పగలదు. అప్పుడు భారత సేనయొద్ద రష్యా టి-55 ట్యాంకులును, పాకిస్తాను సేనయొద్ద చైనా టైప్-59 ట్యాంకులును ఉండెను. రెండవది రష్యా టి-54 నమూనాపై కట్టినది. ధూళిలో, దూరమునుండి, రెండును కవలలే. తనవాడే తనను కాల్చు ప్రమాదము కలదు. అందుచేత మన సైనికులు తమ ట్యాంకుల ఫిరంగి గొట్టము నడుమ ఒక డోలువంటి తొడుగు నమర్చిరి. పొగ పీల్చు సాధనమువలె కనబడుటయే గాని అది పొగ పీల్చదు. ఇది మనది అని తెలుపుటయే దాని పని. ఎందరి ప్రాణములు ఆ బోలు డొల్లను నమ్ముకొని యుండెనో ఊహింపవచ్చును.

మామూలు టి-55 పెట్టెలో ఆ తొడుగు ఉండదు. అట్టి పెట్టె కొన్నవాడు దానిని ఉన్నదున్నట్లు అతికించినచో రష్యా ట్యాంకు తయారగునుగాని భారత ట్యాంకు కాదు. అతడు ఆనాటి ఛాయాచిత్రమును ముందుంచుకొని, గొట్టముతో తొడుగును పోల్చి కొలిచి, 35తో భాగించి, బొమ్మ గొట్టముపై దాని తావు గుర్తించును. పిదప సన్నని కాగితపు పట్టీని జిగురుతో చుట్టలు చుట్టలుగా చుట్టి, ఆరబెట్టి, అంచులు అరగదీసి, అతుకు కనబడకుండ రంగు వేయును.