ఊరకుండటం కూడా హక్కే

"ఊరకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు" అన్నారు మన పెద్దలు. అయినా "ఇప్పుడేం చేస్తున్నారండీ?" అని ఎవరైనా అడిగితే, "ఏమీ లేదండీ" అనడానికి మన విశ్రాంత ఉద్యోగులకు నోరు రాదు. 33 ఏళ్లు ఫైళ్ల మధ్య గడిపిన నాకూ అంతే. అందుకే ఒక పరాయిదేశపు మాట చరిత్రను సభ్యుల ముందుంచుతున్నాను.

నెదర్లాండ్స్ ప్రజల డచ్చి భాషలో 'నిక్స్' అంటే ఏమీ లేదని అర్థం. దాని నుంచి వచ్చిన క్రియ 'నిక్సెన్'. ఏ ప్రయోజనమూ ఆశించకుండా ఊరక కూర్చోవడమన్న మాట. కిటికీలోంచి వీధిని చూడవచ్చు, పాట వినవచ్చు. అది ధ్యానం కాదు, జపం కాదు, సెల్‌ఫోన్ చూడటం అసలే కాదు. సోమరితనాన్ని ఎత్తిపొడిచే ఆ మాట 2019లో అమెరికా పత్రికల ద్వారా మానసిక ఒత్తిడికి మందుగా దేశదేశాలకు పాకింది.

అయితే ఊరక కూర్చోవాలంటే ముందు తీరిక ఉండాలి కదా! ఆ తీరిక వారికి ఊరకే రాలేదు. నిరుద్యోగం ప్రబలిన రోజుల్లో, 1982 నవంబరు 24న, హేగ్ నగరం దగ్గర వాసెనార్‌లో కార్మిక సంఘాలు, యాజమాన్యాలు ఒక ఒప్పందానికి వచ్చాయి. జీతాల పెంపు కోరికను సంఘాలు తగ్గించుకున్నాయి. పనిగంటలు తగ్గించడానికి యాజమాన్యాలు సమ్మతించాయి. ఆ తరువాత చాలాచోట్ల వారానికి 40 గంటల పని 38కి దిగింది. పార్ట్‌టైమ్ ఉద్యోగాలు పెరిగాయి. వాటిలో స్త్రీలే ఎక్కువ. సంఘాల తరఫున ముందు నిలిచిన విమ్ కాక్ 1994లో ఆ దేశ ప్రధాని అయ్యారు. నేడు యూరోపియన్ యూనియన్‌లో సగటున అతి తక్కువ సేపు, వారానికి సుమారు 32 గంటలు, పనిచేసేది వారే.

ఇక మన సంగతి. వాసెనార్ ఒప్పందం జరిగిన 23 రోజులకు, 1982 డిసెంబరు 17న, డి.ఎస్. నకారా కేసులో మన సుప్రీంకోర్టు, పెన్షన్ దయాధర్మం కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని తీర్పు చెప్పింది. ఏటా ఆ తేదీనే మనం పెన్షనర్ల దినంగా జరుపుకుంటున్నాం. రెండింటికీ సంబంధం లేకపోయినా పాఠం ఒక్కటే: కష్టపడినవారి తీరిక ఎవరూ వేసిన భిక్ష కాదు.

కనుక మిత్రులారా, రోజుకో అరగంట సిగ్గుపడకుండా ఊరక కూర్చోండి. మరొక్క మాట. మన ఇళ్లలోని ఇల్లాళ్లకు పదవీ విరమణ తేదీ లేదు, ఏ కోర్టూ వారికి తీరిక ఇప్పించలేదు. ఆ అరగంట వారికీ దక్కాలి. సాయంత్రం కాఫీ మనమే కలుపుదాం.