నాస్తికుని సాక్ష్యం: ఒక ప్రమాణ వివాద చరిత్ర

1891 ఫిబ్రవరి మొదట్లో లండన్ సమీపంలోని బ్రూక్‌వుడ్ శ్మశానవాటికలో ఏ మతకర్మా లేకుండా ఒక అంత్యక్రియ జరిగింది. మరణించినవాడు నార్తాంప్టన్ పార్లమెంటు సభ్యుడు, సుప్రసిద్ధ నాస్తికుడు చార్లెస్ బ్రాడ్‌లా. హాజరైన భారతీయులలో న్యాయశాస్త్ర విద్యార్థి మోహన్‌దాస్ గాంధీ ఒకరు. తిరుగు ప్రయాణంలో రైలు కోసం వేచి ఉండగా ఒక నాస్తికుడు ఒక క్రైస్తవ మతాచార్యుణ్ణి నిలదీయడం ఆయన విన్నారు. భూమి చుట్టుకొలత తెలిసినట్లే మీ దేవుని పరిమాణమెంతో, ఆయన ఉండే చోటేదో చెప్పమని ప్రశ్న. ఆయన మనిద్దరి హృదయాలలోనూ ఉన్నాడని సమాధానం. తనను పసివాడిగా భావించవద్దని నాస్తికుడు విజయగర్వంతో అన్నాడు. మతాచార్యుడు వినయంగా మౌనం వహించాడు. ఈ సంభాషణ తనకు నాస్తికత్వంపై ఉన్న విముఖతను మరింత పెంచిందని గాంధీజీ ఆత్మకథలో రాసుకున్నారు.

ఆ రైల్వే స్టేషను వాదన ఆనాటి ఇంగ్లండులో అపూర్వమైనదేమీ కాదు. 19వ శతాబ్దం మధ్యభాగం నుంచి నాస్తికులకూ క్రైస్తవ బోధకులకూ బహిరంగ చర్చలు పెద్ద సభామందిరాలలో రాత్రుల తరబడి జరిగేవి. ఇరుపక్షాలకూ సమానమైన సమయం కేటాయించేవారు. ఉపన్యాసాలను సంక్షిప్తలిపిలో నమోదు చేసి పుస్తకాలుగా వెలువరించేవారు. 1842లో దైవదూషణ నేరంపై ఆరునెలలు జైలులో గడిపిన జార్జి జేకబ్ హోల్యోక్ 1853లో లండనులో బ్రూయిన్ గ్రాంట్ అనే మతబోధకునితో ఆరు రాత్రులు వాదించాడు. 1864లో బ్రాడ్‌లాకు ప్రత్యర్థిగా నిలిచిన థామస్ కూపర్ ఒకప్పుడు విశ్వాసాన్ని విడిచి, తిరిగి క్రైస్తవం స్వీకరించిన చార్టిస్టు కవి. 1870 నాటికి క్రైస్తవ విశ్వాసానికి ఆధారాలను ప్రచారం చేయడానికే లండనులో ప్రత్యేకంగా ఒక సంఘం ఏర్పడింది.

క్రైస్తవ పక్షం సృష్టిలోని క్రమాన్ని, ప్రవచనాలను, క్రీస్తు పునరుత్థానాన్ని చూచినవారి సాక్ష్యాన్ని నిదర్శనాలుగా చూపేది. దేవుడు లేడని తాను నిరూపించబూనడం లేదనీ, దేవుడనే మాటకు స్పష్టమైన అర్థం చెప్పకుండా నమ్మమనడమే తనకు అంగీకారం కాదనీ బ్రాడ్‌లా బదులిచ్చేవాడు. మోక్షం ప్రసక్తి వచ్చేసరికి వాదం మరింత తీవ్రమయ్యేది. నిజాయితీగా సందేహించినవానికి శాశ్వత నరకం విధించడం ఏ న్యాయమని నాస్తికుడు అడిగేవాడు. పరలోక భయం లేనివాడు ఇహలోకంలో సత్యం పలుకుతాడనడానికి పూచీ ఏమిటని క్రైస్తవుడు ఎదురు ప్రశ్నించేవాడు.

ఈ చివరి ప్రశ్న కేవలం వేదికలకు పరిమితమైనది కాదు. అది అప్పటికే శాసనం. తెలుగులో ‘ప్రమాణం’ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. తర్కశాస్త్రంలో అది జ్ఞానానికి ఆధారం, వ్యవహారంలో ఒట్టు. ఇంగ్లండులో జరిగిన వివాదానికి ఈ రెండర్థాలూ వర్తిస్తాయి. దేవుని ఉనికికి ప్రమాణం ఏమిటన్నది సభామందిరంలోని ప్రశ్న. దేవుణ్ణి నమ్మనివాని ప్రమాణం చెల్లుతుందా అన్నది న్యాయస్థానంలోని ప్రశ్న.

ఈ రెండవ ప్రశ్నకు మూలం ఒక భారతీయ వ్యాజ్యంలో ఉన్నది. 1744లో ఓమీచంద్ అనే కలకత్తా వర్తకుని దావా లండను చాన్సరీ న్యాయస్థానంలో విచారణకు వచ్చింది. కలకత్తాలో హిందువులు తమ ఆచారం ప్రకారం ప్రమాణం చేసి ఇచ్చిన వాఙ్మూలాలు చెల్లుతాయా అన్నది సమస్య. బైబిలుపై ప్రమాణం చేయకపోయినా, అసత్యాన్ని శిక్షించే దేవుడున్నాడని నమ్మేవాని సాక్ష్యం చెల్లుతుందని తీర్పు వెలువడింది. ఉదారమైన ఈ తీర్పు హిందువుకు తలుపు తెరిచింది. నాస్తికునికి మాత్రం ఆ తలుపు మూసే ఉన్నది. 1861 నాటి ఒక వ్యాజ్యంలో దేవునియందు, పరలోక ఫలితాలయందు విశ్వాసం లేదని వాది భార్య ఒప్పుకొన్నందువల్ల ఆమె సాక్ష్యాన్ని న్యాయస్థానం నిరాకరించింది. ఇందులోని వైపరీత్యాన్ని జాన్ స్టూవర్ట్ మిల్ అంతకు రెండేళ్ల ముందే ఎత్తిచూపాడు. నమ్మకం ఉన్నట్లు బొంకే నాస్తికుణ్ణి ఈ నిబంధన స్వీకరిస్తుంది; అపకీర్తికి వెరవక నిజం చెప్పినవాణ్ణే అబద్ధీకుడిగా ఎంచి తిరస్కరిస్తుంది. 1869, 1870 శాసనాలతో న్యాయస్థానాలలో ఈ అన్యాయం తొలగింది.

పార్లమెంటులో మాత్రం వివాదం మిగిలే ఉన్నది. 1880లో ఎన్నికైన బ్రాడ్‌లా దైవప్రమాణానికి బదులు ప్రతిజ్ఞ చేస్తానని కోరగా కామన్స్ సభ సంఘం ఒక్క ఓటు తేడాతో నిరాకరించింది. పోనీ ప్రమాణమే చేస్తానంటే, అందులోని దైవప్రస్తావన తనకు అర్థరహితమని ముందే ప్రకటించినందున అదీ కుదరదన్నారు. అతణ్ణి ఒక రాత్రి పార్లమెంటు గడియారపు గోపురంలో నిర్బంధించారు. 1881 ఆగస్టులో బలవంతంగా బయటికి ఈడ్చివేశారు. నార్తాంప్టన్ ఓటర్లు మాత్రం అతణ్ణి మళ్లీ మళ్లీ ఎన్నుకొన్నారు.

ఈ పోరాటంలో క్రైస్తవులందరూ ఒకే పక్షాన లేరు. కార్డినల్ మానింగ్ బ్రాడ్‌లా ప్రవేశాన్ని తీవ్రంగా వ్యతిరేకించాడు. పరమ క్రైస్తవుడైన ప్రధాని గ్లాడ్‌స్టన్ ప్రతిజ్ఞను అనుమతించే బిల్లును స్వయంగా సమర్థించాడు. ఏదో ఒక దేవుణ్ణి నమ్మితే చాలునని హద్దు గీయడం క్రైస్తవానికి గౌరవం కాదని ఆయన వాదన. అసలు ఒట్టు పెట్టుకోవడమే క్రీస్తు బోధకు విరుద్ధమని భావించే క్వేకర్లకు 17వ శతాబ్దం చివరినుంచే ప్రతిజ్ఞా హక్కు ఉన్నది. ఆ శాఖకు చెందిన జాన్ బ్రైట్ కూడా బ్రాడ్‌లా పక్షమే వహించాడు. 1883లో ఆ బిల్లు 289కి వ్యతిరేకంగా 292 ఓట్లతో వీగిపోయింది. 1886 జనవరిలో కొత్త స్పీకరు అభ్యంతరాలను తోసిపుచ్చి అతనిచేత ప్రమాణం చేయించాడు. 1888లో బ్రాడ్‌లా పట్టుదలతో వచ్చిన ప్రమాణాల చట్టం విశ్వాసం లేనివారికీ, విశ్వాసమే ప్రమాణానికి అడ్డుపడేవారికీ ఒకే హక్కు కల్పించింది. మరుసటి సంవత్సరం బొంబాయి కాంగ్రెసు మహాసభకు బ్రాడ్‌లా అతిథిగా వచ్చాడు. 1880 నాటి బహిష్కరణ తీర్మానాన్ని సభ తన రికార్డులనుంచి తొలగించిన మూడు రోజులకు, 1891 జనవరి 30న అతడు కన్నుమూశాడు.

భారతదేశంలో ఈ సమస్య మరో దారిన నడిచింది. గంగాజలంపైనో ఖురానుపైనో ప్రమాణం చేయించడం పలువురి అంతరాత్మకు విరుద్ధమని గ్రహించి 1840 చట్టం హిందువులకు, ముస్లిములకు ప్రతిజ్ఞను నిర్దేశించింది. 1873 చట్టం ప్రమాణం చేయడానికి అభ్యంతరం ఉన్న ప్రతి సాక్షికీ ఆ సౌకర్యాన్ని విస్తరించింది. రాజ్యాంగ సభలో పీఠికను దేవుని పేరిట ప్రారంభించాలని హెచ్.వి. కామత్ తెచ్చిన సవరణ 1949 అక్టోబరు 17న 41కి వ్యతిరేకంగా 68 ఓట్లతో వీగిపోయింది. అయితే రాష్ట్రపతి, మంత్రులు, శాసనసభ్యులు పలికే పాఠంలో ‘దైవసాక్షిగా ప్రమాణం’, ‘సత్యనిష్ఠతో ప్రతిజ్ఞ’ అన్న రెండు మార్గాలనూ రాజ్యాంగం పక్కపక్కనే నిలిపింది. రెండింటికీ విలువ ఒక్కటే.

బ్రూక్‌వుడ్ నుంచి నాస్తికత్వంపై విముఖతతో తిరిగివచ్చిన గాంధీజీ కథకు తెలుగునాట ఒక ముగింపు ఉన్నది. కృష్ణా జిల్లాలో నాస్తిక కేంద్రాన్ని స్థాపించిన గోరా 1944 నుంచి ఆయనతో సుదీర్ఘంగా చర్చించారు. గోరా కుమార్తె మనోరమకు హరిజన యువకుడు అర్జునరావుతో వివాహం నిశ్చయమైనప్పుడు, వివాహవిధిలో దేవుని పేరుకు బదులు సత్యం పేరు చేర్చడానికి గాంధీజీ అంగీకరించారు. ఆయన మరణానంతరం 1948 మార్చిలో సేవాగ్రామంలో ఆ వివాహం జరిగింది.

దేవునికి ప్రమాణం ఏమిటన్న వాదం ఏ సభలోనూ తెగలేదు. తెగవలసిన అవసరం రాజ్యానికి లేదు. రాజ్యం నిర్ణయించవలసింది ఎవరి మాటను నమ్మాలన్నది మాత్రమే. విశ్వాసినీ అవిశ్వాసినీ సమానంగా నమ్మడానికి ఇంగ్లండుకు ఒక శతాబ్దానికి పైగా పట్టింది. ఆ నిర్ణయం నేడు మన దేశంలో పదవీస్వీకారం చేసే ప్రతి వ్యక్తి ముందూ రెండు వాక్యాల రూపంలో నిలిచి ఉన్నది.