ఒంగోలు జాతిని నిలబెట్టిన ఊరి కట్టుబాటు

ఒంగోలు గిత్త మాటెత్తితే ముందుగా నేలను పొగుడుతారు. గుండ్లకమ్మ, పాలేరు, మూసీ ఏర్ల మధ్య నల్లరేగడిలో పెరిగిన మేత వల్లే ఆ ఎముకపుష్టి వచ్చిందంటారు. నేల పాత్ర కాదనలేం గానీ, అంతా నేల మహిమే అయితే అక్కడ మేసిన ప్రతి పశువూ అంత ఎత్తు ఎదగాలి. తెల్లని వెంట్రుకల కింద నల్లని చర్మం, నిండైన మూపురం, వేలాడే గంగడోలు, ఎండకూ పిడుదులకూ లొంగని తత్వం తరతరాలుగా చెదరకుండా నిలిచాయంటే, ఎవరో పట్టుబట్టి ఎంపిక చేశారన్నమాట. ఆ పని ఊరు చేసింది. ఇంటి పెద్ద పోతే మేలైన కోడెదూడను చూసి, అచ్చువేసి, శివుడి పేర వదిలేవారు. ఆ ఆబోతు ఎవరి చేలో పడ్డా కొట్టకూడదు. ఊరి ఆవులు దానితోనే చూలు కట్టేవి. మిగతా కోడెలకు వృషణాలు నొక్కించి కాడికి కట్టేవారు. ఈ ఏర్పాటులో పేద రైతు చేను కూడా నష్టపోయి ఉంటుంది, నిజమే. అయినా మేలుజాతి ఆబోతును మేపే ఖర్చు ఊరంతటి మీదా పడింది, ఫలితమూ ఊరంతటికీ దక్కింది.

ఇప్పుడు పల్లెల్లో ఈ జాతి తగ్గిపోయింది; మేలైన పశువులను బ్రెజిల్ పట్టుకుపోవడం వల్లే ఈ దుస్థితి అనే మాట తరచూ వినిపిస్తుంది. 1868లో ఇంగ్లండు వెళ్తున్న ఓడ నుంచి సాల్వడోర్ రేవులో ఒక జత అమ్ముడైంది. 1960ల మొదట్లో వెళ్లిన వాటిలో ఒంగోలు పక్కనున్న కరవది పేరు మోసిన ఆబోతు ఉంది. అక్కడ నెల్లూరు పేరుతోనే నెలోర్ అయిన ఆ జాతిలో వియాటినా-19 అనే ఆవుకు, 2023 వేలంలో మూడోవంతు వాటా పలికిన ధరను బట్టి, 40 లక్షల డాలర్లకు పైగా విలువ కట్టారు. ఆ అంకె చూసి కడుపు రగలడం సహజమే. కానీ ఓడలెక్కినవి పల్లెల్లోని మందలను ఖాళీ చేసేటన్ని కావు. జొన్న చేలలోకి పొగాకు వచ్చి చొప్ప తగ్గింది, ట్రాక్టరు కాడిని దించింది, పాలకు గేదె, జెర్సీ సంకరం వచ్చాయి. బ్రెజిల్ మాంసం కోసం ఈ జాతికి కొత్త పని చూపింది. ఇక్కడ ఉన్న పని పోయింది.

లాం, చదలవాడ పశు క్షేత్రాలున్నాయి కదా, బండలాగుడు పందేలున్నాయి కదా అనవచ్చు. క్షేత్రాలు వంశాన్ని కాపాడుతున్నాయి, అది చిన్న సేవ కాదు. పందేలు మాత్రం ఎద్దుల జతలనే పోషిస్తాయి. ఆ గిత్తలను ఈనే ఆవును మేపే రైతుకు పందెం బహుమతిలో వాటా లేదు; ఒకనాడు ఊరు పంచుకున్న ఖర్చు ఇప్పుడు అతనొక్కడిదే.