అరకులోయ: ఆచారాలు, వాటిని నిలిపిన చట్టాలు

మనలో చాలామంది అరకులోయ చూసి వచ్చినవారే. బొర్రా గుహలు, కాఫీ తోటలు, ధింసా నృత్యం చూసి ఆనందించి ఉంటారు. ఆ ఆటపాటలు ఇన్నాళ్లు ఎలా నిలిచాయో మాత్రం గైడ్లు చెప్పరు. రెవిన్యూ శాఖలో గుమాస్తాగా కొన్నేళ్లు ఏజెన్సీ ఫైళ్లు చూసినవాడిని గనుక తెలిసినంత మేరకు మనవి చేస్తాను.

విశాఖపట్నానికి సుమారు 115 కిలోమీటర్ల దూరంలో, తూర్పు కనుమలలో, దాదాపు మూడువేల అడుగుల ఎత్తున ఉన్నది ఈ లోయ. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పక్కనున్న కోరాపుట్ కొండలు అటు వెళ్లాయి, అరకు మద్రాసు వైపు ఉండిపోయింది. గీత కాగితం మీద పడింది గాని బంధుత్వాలు తెగలేదు. నేటికీ లోయలోని సంతలలో తెలుగుతోపాటు ఆదివాసీ ఒడియా వినిపిస్తుంది. బగత, వాల్మీకి, కొండదొర, కోటియా, పోర్జా, కోదు, గదబ మొదలైన తెగలవారు ఇక్కడ కలిసి జీవిస్తున్నారు. గదబలలో కొందరు మాట్లాడే గుతోబ్ ముండా కుటుంబానికి చెందిన భాష. మన తెలుగుకు దానితో చుట్టరికం లేదు.

వీరి పండుగలన్నీ భూమితో ముడిపడినవే. చైత్రమాసంలో వచ్చే ఇటుకల పండుగకు విత్తనాలను పూజించి, తరువాతే పొలంలో చల్లుతారు. మగవారు వేటకు వెళతారు. ఉత్తచేతులతో తిరిగివస్తే ఆడవారి ఎగతాళికి అంతు ఉండదు. ఆ రోజుల్లో ఆడవారు దారికి అడ్డంగా నిలిచి, వచ్చే పోయే బండ్లను ఆపి పండుగ మామూలు పుచ్చుకుంటారు. యాత్రికులు విసుక్కోవలసిన పని లేదు, అది ఆచారం.

ధింసా కూడా కాలక్షేపపు ఆట కాదు. ఒకరి వెనుక ఒకరు చేతులు పెనవేసుకొని, మోరి, తుడుము, డప్పు వాద్యాలకు అడుగులు కలుపుతారు. బోడ ధింసా గ్రామదేవత కోసం. భాగ్ ధింసా పులి నుండి తప్పించుకొనే తీరు చూపుతుంది. ఆకులు ఏరే పనిని చూపే ధింసా మరొకటి ఉన్నది. అడవి, దేవత, పని మూడూ అందులోనే ఉన్నాయి.

ఇక చట్టాల సంగతి. మనం ‘ఏజెన్సీ’ అంటాము గాని ఆ పేరు ఎలా వచ్చిందో చాలామందికి తెలియదు. కొండలలో తిరుగుబాట్లు చెలరేగగా, 1839లో 24వ చట్టం చేసి, గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల నుండి తప్పించి, కలెక్టరును గవర్నరుకు ‘ఏజెంటు’గా నియమించారు. ఆ ఏజెంటు పాలించినదే ఏజెన్సీ. మైదానపు షావుకారులు అప్పుల కింద భూములు కాజేస్తూ ఉండగా 1917లో భూబదిలీ చట్టం వచ్చింది. తరువాత 1959 రెగ్యులేషను, దానిని గట్టిచేసిన 1970 సవరణ వచ్చాయి. మనం ‘1/70’ అనేది ఈ సవరణనే. దీని ప్రకారం ఏజెన్సీలో గిరిజనేతరులు తమలో తాము కూడా భూమి అమ్ముకోరాదు. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు మరో అడుగు ముందుకు వేసి, ప్రభుత్వం సైతం అక్కడి భూమిని గిరిజనేతరులకు గనుల లీజుకు ఇవ్వరాదన్నది. ఆ కేసుకు మూలం బొర్రా పంచాయతీలోని గనులే.

ఒక జమాబందీలో ఒక ముసలి రైతును పొలం హద్దులు అడిగాము. సర్వే నంబరు ఆయనకు తెలియదు. ఏ చెట్టు కింద ఏ పండుగకు కోడిని కోస్తారో చెప్పి, ఆ చెట్టే హద్దన్నాడు. ఆ పొలం చేయి మారితే పోయేది భూమి ఒక్కటే కాదు, ఆ పండుగ కూడా పోతుందని నాకు అప్పుడు అర్థమైంది.

కాలం మారింది. 1960ల రైలుమార్గం, 2017లో అద్దాల పెట్టె యాత్రికులను తెచ్చాయి. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇవన్నీ సంతోషించదగినవే. అయితే బినామీ పేర్లతో భూమి చేతులు మారితే చట్టం పుస్తకంలోనే మిగిలిపోతుంది. ధింసా హోటలు ముంగిట ఆటగా మిగులుతుంది.

కాబట్టి మిత్రులకు నా మనవి ఇది. “అరకులో చవకగా స్థలం ఉన్నది, గిరిజనుడి పేర కొందాం” అని ఎవరైనా మన పిల్లలతో అంటే, వద్దని చెప్పవలసిన పెద్దలం మనమే. ఏజెన్సీలో పనిచేసిన సభ్యులు అక్కడి పండుగలను, ఊళ్లను గురించి తమకు గుర్తున్నది రాసి పెడితే రాబోయే తరాలకు ఉపయోగపడుతుంది.