దత్తతకు నోచని బిడ్డలు: ఉత్తరాంధ్రలో అనాథ బాలల సంరక్షణ – శరణాలయం నుండి కుటుంబానికి

కోటబొమ్మాళి, టెక్కలి, పలాస ప్రాంతాల గ్రామాలలో తల్లిదండ్రులు దూరప్రాంతాలకు వలసపోయినప్పుడు పిల్లలు అమ్మమ్మ దగ్గరో నాన్నమ్మ దగ్గరో పెరగడం సర్వసాధారణం. తల్లీతండ్రీ మరణించినప్పుడు కూడా బిడ్డ మొదట చేరేది మేనమామ ఇంటికో చిన్నాన్న ఇంటికో తప్ప శరణాలయానికి కాదు. అందుచేత, సంస్థలలో పెరిగే పిల్లలను కుటుంబాలకు చేర్చాలని నేటి బాలల సంక్షేమ విధానం చెబుతున్నప్పుడు, అది ఈ ప్రాంతానికి కొత్త సంగతేమీ కాదనిపిస్తుంది. ఆ అభిప్రాయంలో సగమే నిజం ఉంది. బిడ్డను చేరదీసే ఆచారం పాతదే. చేరదీసిన బిడ్డకు ఆ ఇంట ఏ హక్కు ఉంటుందన్న ప్రశ్నకు మాత్రం ఆచారం గాని, శాస్త్రం గాని, చట్టం గాని చాలాకాలం సమాధానం చెప్పలేదు.

తెలుగులో 'దత్తత', 'పెంపకం' అనే రెండు మాటలున్నాయి. వ్యవహారంలో వీటిని కలిపి వాడినా న్యాయదృష్టిలో వాటి మధ్య ఉన్న అంతరం చాలా పెద్దది. ధర్మశాస్త్రం ప్రకారం బిడ్డను దత్తత ఇవ్వగలవారు కన్న తల్లిదండ్రులు మాత్రమే. ఇచ్చేవారే లేనప్పుడు స్వీకారం లేదు. అంటే దత్తత అవసరం అందరికంటె ఎక్కువగా ఉన్న అనాథ బాలుడే దత్తతకు అనర్హుడయ్యాడు. ఆడపిల్ల ప్రసక్తే లేదు. దత్తత ప్రయోజనం బిడ్డ రక్షణ కాదు, వంశమూ పిండప్రదానమూ. మద్రాసు రాజధానిలో కొన్ని కులాలకు న్యాయస్థానాలు గుర్తించిన ఇల్లటం ఆచారం అల్లుడికి ఆస్తి హక్కు కల్పించింది గాని, దానికి కూడా ఆస్తి, కూతురు ఉన్న ఇల్లు కావాలి. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం ఆడపిల్లకు దత్తత అర్హత ఇచ్చింది. తల్లిదండ్రులు లేని బిడ్డను న్యాయస్థానం అనుమతితో సంరక్షకుడు దత్తత ఇవ్వడానికి కూడా ఆ చట్టమే వీలు కల్పించింది.

అంతవరకు అనాథకు మిగిలినది పెంపకమే. పెంపకంలో ప్రేమ లేదనడం అన్యాయం. కాని పేద ఇంట పెంపకానికీ చాకిరికీ మధ్య గీత పలచన. పశువులు కాయడానికి కుదిరిన బాలుడు పెద్దయ్యాక అదే బుగత ఇంట కంబారి కావడం ఈ ప్రాంతపు వ్యవసాయ జీవితంలో తెలిసిన క్రమం. శ్రీకాకుళం ప్రాంతపు రచయిత కాళీపట్నం రామారావు 'యజ్ఞం' కథలో తండ్రి కన్నబిడ్డను చంపుకొనే ముగింపు వెనుక ఉన్నది అప్పుతోపాటు దాస్యం కూడా వారసత్వమవుతుందన్న భయమే. తల్లిదండ్రులున్న బిడ్డ స్థితే అది అయినప్పుడు, లేని బిడ్డ స్థితిని ఊహించవచ్చు.

సంస్థ ఈ నేపథ్యంలో ప్రవేశించింది. నేటి శ్రీకాకుళం, టెక్కలి ప్రాంతాలు 1936 వరకు గంజాం జిల్లాలో భాగం. 1866 నాటి ఒరిస్సా కరువు గంజాం ఉత్తర భాగాన్ని తీవ్రంగా తాకింది. 1888-89లోనూ, 1896-97లోనూ ఈ జిల్లా మళ్ళీ కరువు చూసింది. ఒరిస్సాలో కరువు మిగిల్చిన పిల్లలను బాప్టిస్టు మిషనరీలు చేరదీయగా, ప్రభుత్వం వారి పోషణకు తలకింత చొప్పున నెలసరి సొమ్ము చెల్లించింది. విశాఖపట్నంలో లండన్ మిషన్ వారు అనాథ బాలికల బడి నడిపారు. 1880 నాటి కరువు కమిషన్ తరువాత రూపొందిన కరువు నియమావళులు అనాథల విషయం ప్రత్యేకంగా పట్టించుకున్నాయి. ముందు బంధువులను వెదకాలి, లేకపోతే స్వమతస్థులకు అప్పగించాలి, ఆ తరువాతే అనాథాలయం అన్నది వాటి దృష్టి. నేటి చట్టం చెప్పే వరుస దాదాపు ఇదే. అయితే నాటి ప్రభుత్వం ఆలోచించినది బిడ్డ మనసు గురించి కాదు, ఖర్చు గురించి, మతమార్పిడి వివాదాల గురించి.

ఒడియా ప్రాంతపు మిషన్ అనాథాలయాలలో గమనించవలసిన అంశం మరొకటి ఉంది. పెరిగిన బాలురకు నేత, వడ్రంగం, సేద్యం నేర్పి, అదే మిషన్‌లో పెరిగిన బాలికలతో పెళ్ళి చేసి, క్రైస్తవ గ్రామాలలో స్థిరపరిచేవారు. ఆ పద్ధతిని విమర్శించడానికి కారణాలు చాలా ఉన్నాయి. ఆ పిల్లలకు పుట్టిన ఊరు, కులం, చుట్టరికం శాశ్వతంగా తెగిపోయాయి. కాని సంస్థ గడప దాటిన తరువాత ఏమిటన్న ప్రశ్నకు అక్కడ ఒక సమాధానం ఉంది.

చట్టం కూడా ఆ ప్రశ్న వేసుకుంది. ప్రజాధర్మంతో పెరిగే అనాథ, పేద బాలలు పెద్దయ్యాక బ్రతుకుతెరువు చూసుకొనేలా వృత్తులు నేర్పించడం 1850 నాటి అప్రెంటిస్ చట్టం పేర్కొన్న ఉద్దేశం. 10 ఏళ్ళు దాటి 18 లోపు ఉన్న బిడ్డను ఏడేళ్ళకు మించని ఒడంబడికతో పనివాని వద్ద ఉంచవచ్చు. ఆ గడువు బాలునికి 21 ఏళ్ళు దాటరాదు, బాలికకు వివాహం దాటరాదు. ఈ 21 అనే అంకె మళ్ళీ కనిపిస్తుంది.

ఇరవయ్యో శతాబ్దంలో 1920 నాటి మద్రాసు బాలల చట్టం, విశాఖపట్నంలో 1930లో ఏర్పడిన ప్రేమ సమాజం వంటి స్వచ్ఛంద సంస్థలు, స్వాతంత్ర్యానంతరం ప్రభుత్వ బాలసదనాలు వచ్చాయి. వీటితోపాటు సంక్షేమ హాస్టళ్ళను కూడా లెక్కించాలి. అవి విద్యకోసం ఏర్పడినవే అయినా, ఇంట తిండి గడవని కుటుంబాలు వాటినే పిల్లల నీడగా చేసుకున్నాయి. సంస్థ మీద అనుమానం పడమటినుండి వచ్చింది. 1951లో జాన్ బౌల్బీ ప్రపంచ ఆరోగ్య సంస్థకు ఇచ్చిన నివేదిక, తరువాత రుమేనియా అనాథాలయాల అనుభవం దానికి బలమిచ్చాయి. 1992లో భారతదేశం బాలల హక్కుల ఒడంబడికలో చేరింది. 2015 నాటి బాలల న్యాయ చట్టం సంస్థాగత సంరక్షణను చివరి మార్గంగా ప్రకటించింది. 44వ సెక్షన్ పెంపక కుటుంబాన్ని, 45వ సెక్షన్ ఆర్థిక ప్రాయోజకత్వాన్ని నిర్దేశించాయి.

ఈ రెండవది ఉత్తరాంధ్రకు మరింత దగ్గరది. వితంతువైన తల్లి వద్ద ఉన్న బిడ్డ, బంధువుల ఇంట పెరుగుతున్న అనాథ, ప్రాణాంతక వ్యాధిగ్రస్తులైన తల్లిదండ్రుల బిడ్డ దీని పరిధిలోకి వస్తారు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాలతో కూడిన ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధి పని వయసులోనే మనుషులను తీసుకుపోతున్నది. అక్కడి ఇళ్ళకు ఈ సెక్షన్ నేరుగా వర్తిస్తుంది. 2022 నాటి మిషన్ వాత్సల్య మార్గదర్శకాల ప్రకారం ఈ సాయం నెలకు 4,000 రూపాయలు. చేరదీసిన బంధువుకు రాజ్యం డబ్బిచ్చి, బిడ్డను బడిలో ఉంచమని అడగడం పాత పెంపకంలో లేని అంశం. చాకిరికీ సంరక్షణకూ మధ్య గీత కాస్తయినా చిక్కబడేది ఇక్కడే.

లోపం 18 ఏళ్ళ వద్ద ఉంది. చట్టం 2(5) ప్రకారం అనంతర సంరక్షణ 18 నిండి 21 నిండని, సంస్థాగత సంరక్షణ నుండి వెలుపలికి వచ్చిన వారికి. 1850 నాటి అంకే ఇది. సాయం అందించే 46వ సెక్షన్ ఇంకా ఇరుకైనది. 18 ఏళ్ళు నిండి సంస్థను వీడే బిడ్డకు ఆర్థిక సాయం 'అందించవచ్చు' అంటుందే గాని, అందించాలని అనదు. పదహారేళ్ళకు బాలసదనం నుండి అమ్మమ్మ ఇంటికి చేరిన బాలిక నిర్వచనంలో ఇముడుతుందేమో గాని, 46వ సెక్షన్ మాటలలో ఇమడదు. మొదటినుండీ మేనమామ ఇంటనే పెరిగిన బాలుడు రెండింటిలోనూ లేడు. సంస్థ చివరి మార్గమని చెప్పిన చట్టమే, యౌవన ప్రవేశపు సాయాన్ని చివరివరకూ సంస్థలో ఉన్నవారికి కేటాయించింది.

వేరే విధంగా ఆలోచించడం సాధ్యమేనని కోవిడ్ కాలం చూపింది. 2021లో కేంద్రం ప్రకటించిన పథకంలో తల్లిదండ్రులను కోల్పోయిన బిడ్డ ఎక్కడ పెరిగినా 18 తరువాత నెలసరి భత్యం, 23 ఏళ్ళకు 10 లక్షల రూపాయలు అందుతాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా అదే ఏడాది 10 లక్షల డిపాజిట్ పథకం ప్రకటించింది. ఒక వ్యాధి వల్ల అనాథలైన వారికి లభించిన ఈ ఏర్పాటు, ఉద్దానంలో మరొక వ్యాధి వల్ల అనాథలైన వారికి లేదు. 46వ సెక్షన్‌లో 'సంస్థను వీడే' అన్న చోట 'పెంపక కుటుంబంలో లేదా ప్రాయోజకత్వంలో ఉండి 18 ఏళ్ళు నిండిన' అన్న మాటలు చేరితే, కోటబొమ్మాళి వంటి చోట బంధువుల గడపలో పెరిగిన బిడ్డ కూడా ఆ పరిధిలోకి వస్తాడు.