జరిమానా కట్టం, జైలుకే పోతాం

1906లో అమెరికాలోని అయోవా రాష్ట్రం, డావెన్‌పోర్ట్ ఊళ్లో డి.డి. పామర్ బోనెక్కాడు. అదే ఊళ్లో 1895లో హార్వీ లిల్లార్డ్ అనే చెవిటి మనిషి వెన్నుపూసను చేత్తో సర్ది, వినికిడి రప్పించానని చెప్పుకున్నవాడాయన. ఆ పద్ధతే కైరోప్రాక్టిక్. లైసెన్సు లేకుండా వైద్యం చేశాడన్నది అభియోగం. 350 డాలర్ల జరిమానా కట్టాలి, లేకపోతే 105 రోజులు జైల్లో ఉండాలి. పామర్ జైలుకే మొగ్గాడు. 23 రోజులయ్యాక జరిమానా కట్టి బయటికొచ్చాడు.

కైరోప్రాక్టిక్ పేరుతో లైసెన్సిచ్చే చట్టం అప్పటికి ఏ రాష్ట్రంలోనూ లేదు. తెచ్చుకుందామన్నా దొరకని లైసెన్సు లేదని శిక్ష వేయడం న్యాయం కాదు.

మరుసటి ఏడాది విస్కాన్సిన్‌లోని లా క్రాస్‌లో షెగెటారో మోరికుబో అనే జపాన్ సంతతి కైరోప్రాక్టర్ మీద, లైసెన్సు లేకుండా ఆస్టియోపతీ అనే మరో చేతి వైద్యం చేశాడని కేసు పెట్టారు. ఆయన వకీలు టామ్ మారిస్ రోగం నయమైందా లేదా అన్న వాదన జోలికి పోలేదు. ఇది ఆస్టియోపతీ కాదు, దీనికంటూ వేరే సిద్ధాంతం, వేరే పద్ధతి ఉన్నాయన్నాడు. జ్యూరీ మోరికుబోను విడిచిపెట్టింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి, ఊరూరా కోర్టుల్లో ఇదే వాదన వినబడింది.

కాలిఫోర్నియాలో పోరు ముదిరింది. జరిమానా కట్టొద్దు, జైలుకే వెళ్లండని అక్కడి కైరోప్రాక్టర్లు ఒకరికొకరు చెప్పుకున్నారు. వందలమంది వెళ్లారు. తమకు నడుంనొప్పి తగ్గించిన మనిషిని దొంగల మధ్య కూర్చోబెట్టారని జనానికి కోపమొచ్చింది. 1922లో ఓటర్లే నేరుగా ఓటేసి కైరోప్రాక్టిక్ చట్టాన్ని తెచ్చుకున్నారు. ఆ జైలుబాటలో తెగువ ఉంది, నిజమే. కానీ జైలుకెళ్లినంత మాత్రాన వైద్యం పనిచేస్తుందని రుజువైపోదు. వెన్ను సర్దితే చెవుడు పోతుందన్న మాటకు ఈనాటికీ ఆధారం లేదు. రోగిని కాపాడాలన్న చట్టం ఉద్దేశమూ తప్పు కాదు. అందుకే కావచ్చు, లైసెన్సు లేకుండా కైరోప్రాక్టిక్ చేయడం నేరమని కొత్త చట్టమూ రాసుకుంది.

లైసెన్సు చట్టం మొదట చేసింది కాన్సాస్, 1913లో. మిగతా రాష్ట్రాలు ఒక్కొక్కటే ఆ దారి పట్టాయి. లూసియానా మాత్రం మెట్టు దిగలేదు. వైద్యులకున్న చదువే మీకూ ఉండాలన్న నిబంధనను అక్కడి కైరోప్రాక్టర్లు కోర్టుల్లో సవాలు చేసి, 1960లలో ఓడిపోయారు. చివరికి 1974లో ఆ రాష్ట్రమూ చట్టం చేసింది. అన్నిటికంటే ఆఖరున చేసింది అదే.